శాసన పాఠానికి కటకం సాక్ష్యం: నల్లగొండ, మహబూబ్‌నగర్ శాసనాల ఛాయాచిత్రణలో ఎన్‌లార్జర్ కటకం – ఒక విమర్శ

వ్యాస సంగ్రహం:

శాసన పాఠ నిర్ణయంలో ప్రతికృతికి ఉన్న ప్రాధాన్యం అందరూ అంగీకరించినదే. అయితే ఆ ప్రతికృతిని ఏ కటకంతో, ఎంత దూరం నుంచి, ఏ వెలుతురులో తీశారన్న ప్రశ్న తెలుగు శాసన పరిశోధనలో చర్చకు వచ్చినది తక్కువ. నెగటివ్‌ను కాగితం మీద పెద్దది చేయడానికి రూపొందిన ఎన్‌లార్జర్ కటకాన్ని లార్జ్ ఫార్మాట్ కెమెరాకు అమర్చి చిత్రాలు తీసే పద్ధతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల శాసనాలు, ఆలయాలు, బృహత్ శిలాయుగపు నిలువురాళ్లు ఇందుకు ఉదాహరణలు. శిలాఫలకం వంటి సమతల వస్తువును దగ్గర నుంచి తీసేటప్పుడు ఈ కటకం తన సహజ స్థితిలోనే పనిచేస్తుందనీ, దూరదృశ్యానికి అది తగినది కాదనీ, ఈ తేడాను గుర్తించడం పాఠ పరిష్కరణలో భాగం కావాలనీ ఇందులో ప్రతిపాదించడమైంది.

కీలక పదాలు: శాసనం, పాఠ పరిష్కరణ, ఎన్‌లార్జర్ కటకం, లార్జ్ ఫార్మాట్ కెమెరా, ప్రతికృతి, పిల్లలమర్రి, పానగల్లు, ఏలేశ్వరం.

1. ఉపోద్ఘాతం:

దక్షిణ తెలంగాణలో పిల్లలమర్రి పేరుతో రెండు ప్రసిద్ధ స్థలాలున్నాయి. ఒకటి మహబూబ్‌నగర్ పట్టణ సమీపంలో సుమారు మూడెకరాల మేర ఊడలు దించిన మహావృక్షం. రెండవది సూర్యాపేటకు దగ్గరలో, ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని గ్రామం. రేచర్ల రెడ్ల కాలపు ఎరకేశ్వర, నామేశ్వరాలయాలకూ, శాసనాలకూ ఆ ఊరు పేరుపొందింది. కాకతీయ రుద్రదేవుని పేరిట శక 1117 (క్రీ.శ. 1195) నాటి శాసనం, గణపతిదేవుని పేరిట శక 1130 (క్రీ.శ. 1208) నాటి శాసనం అక్కడివే.

ఛాయాచిత్రకారునికి ఈ రెండు పిల్లలమర్రులు రెండు భిన్నమైన సమస్యలు. మర్రిచెట్టును చిత్రించాలంటే దూరం వెళ్లాలి. ముందు కొమ్మ, వెనుక కొమ్మ, వాటి మధ్య గాలి, నేల మీద నీడ అన్నీ ఒకే చట్రంలో ఇమడాలి. శాసనాన్ని చిత్రించాలంటే రాతికి మూరెడు, బారెడు దూరంలో నిలబడాలి. అక్కడ లోతు లేదు. ఉన్నదల్లా ఒక తలం, ఆ తలంలో కొద్దిపాటి లోతున చెక్కిన గీతలు. మొదటిదానికి తగిన కటకం రెండవదానికి ఉత్తమం కాకపోవచ్చు. రెండవదానికి తగినది మొదటిచోట విఫలం కావచ్చు. ఒక శాసనపు పాఠం మీద వాదించే పరిశోధకుడు తన ముందున్న చిత్రం ఏ విధమైన కటకం ఇచ్చిందో తెలుసుకోవలసిన అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఈ వ్యాసంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ అన్న పేర్లు 2016 జిల్లాల పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాలను సూచిస్తాయి.

2. ఎన్‌లార్జర్ కటకం – చారిత్రక నేపథ్యం:

తొలినాళ్ల ఛాయాచిత్రకళలో ఎన్‌లార్జర్‌తో పెద్దగా పని ఉండేది కాదు. మహబూబ్‌నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో రాజా దీన్‌దయాళ్ (1844–1905) చిత్రాలు తీసిన కాలంలో పెద్ద గాజుపలకలే నెగటివ్‌లు. పలకను కాగితానికి ఆనించి ఎండలో పెడితే అదే పరిమాణంలో చిత్రం వచ్చేది. ఎంత పెద్ద చిత్రం కావాలంటే అంత పెద్ద కెమెరా కావాలి. దృశ్యానికీ కాగితానికీ మధ్య పనిచేసిన కటకం ఒక్కటే.

ఫిల్ము చిన్నదైన కొద్దీ ఈ స్థితి మారింది. 1925లో లైకా కెమెరా విపణిలోకి వచ్చిన తరువాత 24×36 మిల్లీమీటర్ల నెగటివ్ క్రమంగా వాడుకలో స్థిరపడింది. అంత చిన్న నెగటివ్ నుంచి చూడదగిన చిత్రం రావాలంటే దానిని పెద్దది చేయక తప్పదు. అందుకోసం డార్క్‌రూములో రెండవ కటకం చేరింది. తెలుగు పట్టణాల స్టూడియోలలో ‘ఎన్‌లార్జ్‌మెంట్’ అన్న మాట ఈ కటకం ద్వారానే ఇళ్లలోకి వచ్చింది. గోడకు దండతో వేలాడే పెద్దల చిత్రాలలో ఎన్నో ఒక చిన్న నెగటివ్ నుంచి ఈ కటకం గుండా సాగినవే.

ఈ రెండవ కటకం పనితీరు మొదటిదానికి భిన్నం. కెమెరా కటకం సాధారణంగా దూరవస్తువును దృష్టిలో పెట్టుకొని రూపొందుతుంది. ఎన్‌లార్జర్ కటకం ఒక సమతలాన్ని, అంటే నెగటివ్‌ను, మరొక సమతలం మీదికి, అంటే కాగితం మీదికి, దగ్గర దూరంలో చేరవేయడానికి రూపొందుతుంది. నాలుగు మూలలూ నడిమి భాగమంత స్పష్టంగా ఉండాలి. సరళరేఖ వంగకూడదు. కొలతల నిష్పత్తి చెడకూడదు. పెద్ద నెగటివ్‌లకు ఉద్దేశించిన కంపోనాన్, రోడగాన్, ఎల్-నిక్కోర్ వంటి కటకాలు సాధారణంగా రెండు నుంచి పది రెట్ల ఆవర్ధనం మధ్య ఉత్తమంగా పనిచేసేట్టు నిర్మితమైనవి. వాటిలో చాలావాటి అంతర్నిర్మాణం మధ్యనున్న ఎపర్చరుకు రెండువైపులా దాదాపు సౌష్ఠవంగా ఉంటుంది. సరళరేఖలను వంచే దోషం తక్కువగా ఉండడానికి ఈ సౌష్ఠవమే ముఖ్య కారణం.

డిజిటల్ విధానం వచ్చాక డార్క్‌రూములు మూతబడి, ఎన్‌లార్జర్లు మూలన పడ్డాయి. వాటి కటకాలు తక్కువ ధరకు దొరకడంతో లార్జ్ ఫార్మాట్ కెమెరా వాడేవారు కొందరు వాటిని ఆ కెమెరాకు అమర్చారు. పెద్ద పలకల యుగానికి అవసరమే లేని కటకం చివరకు పెద్ద కెమెరాకే చేరడం ఇందులోని చారిత్రక విశేషం. దీనిని చౌకబేరంగా మాత్రమే చూసే ధోరణి ఉంది. ఆ దృష్టి సగమే సరైనదని కింది లెక్క చూపుతుంది.

3. వెలుతురు దిశ మారిన ఎన్‌లార్జర్ – ఒక లెక్క:

150 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఎన్‌లార్జర్ కటకాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఇది 4×5 అంగుళాల నెగటివ్‌కు ఉద్దేశించినది. ఆ నెగటివ్‌లో బొమ్మ పడే భాగం సుమారు 95×120 మిల్లీమీటర్లు, దాని కర్ణం దాదాపు 153 మిల్లీమీటర్లు. నెగటివ్‌ను నాలుగు రెట్లు పెద్దది చేస్తున్నప్పుడు కటకానికీ నెగటివ్‌కూ మధ్య దూరం 187.5 మిల్లీమీటర్లు, కటకానికీ కాగితానికీ మధ్య దూరం 750 మిల్లీమీటర్లు.

ఇప్పుడు అదే కటకాన్ని కెమెరాకు అమర్చి, శిలాశాసనాన్ని నాలుగో వంతు పరిమాణంలో తీద్దాం. కటకానికీ ఫిల్ముకూ మధ్య దూరం 187.5 మిల్లీమీటర్లు. కటకానికీ రాతికీ మధ్య దూరం 750 మిల్లీమీటర్లు. అంకెలు ఒక్కటే. నెగటివ్ ఉన్నచోట ఫిల్ము, కాగితం ఉన్నచోట రాయి ఉన్నాయి. వెలుతురు ప్రయాణించే దిశ మాత్రమే మారింది. కటకాన్ని తిప్పి బిగించే అవసరం కూడా లేదు. ఎన్‌లార్జర్‌లో నెగటివ్ వైపున్న మరచుట్టు కెమెరాలో ఫిల్ము వైపే ఉంటుంది. అంటే శాసనాన్ని ఈ నిష్పత్తిలో తీసేటప్పుడు ఎన్‌లార్జర్ కటకం తన అసలు పనినే చేస్తున్నది.

ఈ నిష్పత్తిలో ఒక 4×5 ఫిల్ము మీద 38×48 సెంటీమీటర్ల శిలాభాగం పడుతుంది. పెద్ద శాసనస్తంభపు ముఖాన్ని మూడు నాలుగు ఫిల్ములలో పైనుంచి కిందికి తీసుకోవచ్చు. రాతి మీద ఒక మిల్లీమీటరు గీత ఫిల్ము మీద పావు మిల్లీమీటరు అవుతుంది. ఇదే భాగాన్ని 35 మిల్లీమీటర్ల ఫిల్ము పొడవున ఇమిడిస్తే ఆ గీత 0.075 మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది. ఎపర్చరు ఎఫ్/11 వద్ద ఉంచి, 0.1 మిల్లీమీటరు మసకను అనుమతిస్తే స్పష్టత నిలిచే లోతు సుమారు 4.4 సెంటీమీటర్లు. అక్షరపు చెక్కుడుకూ, రాతి ముఖంలోని చిన్న ఎగుడుదిగుళ్లకూ ఇది చాలు. ఈ కటకాలు పూర్తి తెరుపు నుంచి రెండు మూడు మెట్లు మూసినప్పుడే ఉత్తమ ఫలితమిస్తాయి. ఎఫ్/5.6 కటకానికి ఎఫ్/11, ఎఫ్/16 సరిగ్గా ఆ పరిధిలోవే. బెల్లోస్ సాగినందువల్ల వెలుతురు తగ్గుతుంది గనుక ఎక్స్‌పోజరును ఒకటిన్నర రెట్లకు కాస్త మించి పెంచాలి.

అయితే ఈ లాభం ఒక షరతుకు లోబడింది. ఫిల్ము తలం రాతి తలానికి సమాంతరంగా ఉండాలి. ఏళ్ల తరబడి నేలలో ఒరిగిన శాసనస్తంభం ముందు కెమెరాను నిటారుగా నిలబెడితే సమతల కటకపు గుణమంతా వృథా. లార్జ్ ఫార్మాట్ కెమెరా ముందు, వెనుక చట్రాలను విడివిడిగా వంచే వీలు ఇక్కడ అక్కరకొస్తుంది. రాతి మీద చిన్న అద్దాన్ని ఆనించి, గ్రౌండ్‌గ్లాసులో కటకపు ప్రతిబింబం నట్టనడుమ కనిపించేదాకా చట్రాలను సర్దడం పత్రాల నకలు తీసేవారికి తెలిసిన పాత పద్ధతే.

4. పాఠ పరిష్కరణతో సంబంధం:

ఇదంతా ఛాయాచిత్రకారుల సాంకేతిక విషయమనీ, పాఠకునికీ విమర్శకునికీ దీనితో పని లేదనీ అనుకోవచ్చు. తాళపత్ర పరిష్కరణతో పోల్చి చూస్తే ఈ అభిప్రాయం నిలవదు. ఒక కావ్యానికి పాఠం నిర్ణయించేటప్పుడు ప్రతి ఎక్కడిది, పూర్ణమా, శిథిలమా, ఎవరి చేతివ్రాత అన్న వివరాలు పరిష్కర్త చెప్పి తీరాలి. శాసనానికి ప్రతికృతి అటువంటి ప్రతి. దాని గుణదోషాలు పాఠంలోకి వస్తాయి.

మొదటి సమస్య పంక్తుల చివర్లలోని లోపాలు. సమతలాన్ని సమతలంగా చూపలేని కటకం నడిమి అక్షరాలను స్పష్టంగానూ, అంచు అక్షరాలను మసకగానూ ఇస్తుంది. అటువంటి చిత్రం నుంచి పాఠం తీసేవారు పంక్తి మొదట, చివర చుక్కలు పెట్టి ‘శిథిలం’ అని రాస్తారు. శిథిలమైనది రాయా, చిత్రమా అన్నది తరువాతి పాఠకునికి తెలియదు. ఒకసారి ముద్రితమైన చుక్కలను తరువాతి సంపుటాలు యథాతథంగా గ్రహిస్తే, రాతి మీద ఉన్న అక్షరం చరిత్రలో లేనిదవుతుంది. దాన ఫలశ్రుతి పోతే నష్టం తక్కువ. దాత పేరు, చెరువు పేరు, పొలిమేర గుర్తు పోతే ఒక ఊరి చరిత్రే పోయినట్టు.

రెండవది లిపి పరిణామానికి సంబంధించినది. కాలం స్పష్టంగా లేని శాసనాలకు అక్షరాల ఆకృతిని బట్టి కాలనిర్ణయం చేస్తాం. తలకట్టు ఎంత విడివడింది, అక్షరపు గుండ్రదనం ఎంత, ఎత్తుకూ వెడల్పుకూ నిష్పత్తి ఎంత అన్నవి ఇందుకు ఆధారాలు. రేఖలను వంచే కటకంతో తీసిన చిత్రంలో అంచు అక్షరాల నిష్పత్తి మారుతుంది. ఒకే పంక్తిలోని రెండు ‘మ’ల మధ్య తేడా శిల్పి చేతిదా, కటకానిదా అని చెప్పలేని స్థితి వస్తుంది. శక సంవత్సరం అంకెల్లో ఉన్నచోట ఒక్క అంకె మసకబారినా కాలం మారుతుంది. తిథివారాలతో సరిచూసే అవకాశం ప్రతి శాసనంలోనూ ఉండదు.

మూడవది పరిమాణం. ‘ఎపిగ్రాఫియా ఇండికా’ చిత్రఫలకాల మీద నాలుగో వంతు, సగం అంటూ పరిమాణాన్ని తెలిపే ఆచారం ఉంది. అది ప్రశంసనీయమైన క్రమశిక్షణ. అయితే ఆ ఫలకాలలో అధికభాగం రాతికి తడికాగితం అద్ది, సిరా పూసి తీసిన నకళ్ల చిత్రాలు. రాతిని నేరుగా తీసిన చిత్రాలు తక్కువ. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో వెలువరించిన ‘తెలంగాణా శాసనములు’ మొదలుకొని, హైదరాబాదు పురావస్తు గ్రంథమాల, ఆ తరువాతి జిల్లా శాసన సంపుటాల వరకు మన ప్రాంతపు శాసన ప్రచురణలో పాఠానిదే అగ్రస్థానం. ఆ తరం విద్వాంసులు ఎడ్లబండ్ల మీద తిరిగి సేకరించిన పాఠాలే నేటి పరిశోధనకు పునాది. వారికి అందుబాటులో ఉన్న సాధనాలు పరిమితమైనవి. అయినా చిత్రం అచ్చువేసిన చోట కటకం, దూరం, వెలుతురు దిశ తెలిపే సంప్రదాయం మనకు ఏర్పడలేదన్నది గమనించాలి. సాధనాలు పెరిగిన నేటికీ ఆ సంప్రదాయాన్ని నెలకొల్పకపోవడం మన తరం లోపం.

5. దూరదృశ్యంలో పరిమితులు:

ఎన్‌లార్జర్ కటకాన్ని అన్ని పనులకూ వాడవచ్చన్న ఉత్సాహం కూడా సరికాదు. పై లెక్కనే దూరానికి అన్వయిస్తే దాని పరిమితి తేలుతుంది. నాలుగు రెట్ల ఆవర్ధనంలో 187.5 మిల్లీమీటర్ల దూరాన 153 మిల్లీమీటర్ల కర్ణాన్ని కప్పే కాంతిశంకువు, అనంతదూరపు వస్తువును తీసేటప్పుడు 150 మిల్లీమీటర్ల దూరాన సుమారు 122 మిల్లీమీటర్ల వృత్తాన్నే కప్పుతుంది. ఫిల్ము మూలలు ఆ వృత్తం వెలుపల పడతాయి. ఇది కనీసపు లెక్క. నిజమైన కటకం ఇంతకంటె విశాలంగా వెలుతురు పంచవచ్చు. కాని దానిని రూపొందించిన స్పష్టత అక్కడ ఉంటుందన్న హామీ లేదు. కెమెరా చట్రాలను పైకీ పక్కకూ జరిపే వెసులుబాటు దాదాపు ఉండదు. ఆలయ విమానాన్ని నిటారుగా చూపాలంటే ఆ జరుపుడే ముఖ్యం. అలంపురంలో బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మాలయాల శిఖరాలను తీయడానికి ఈ కటకం ఎంచుకోవడం అనుచితం. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి విషయమూ అంతే.

నారాయణపేట జిల్లా ముడుమాల నిలువురాళ్ల క్షేత్రం ఈ భేదాన్ని ఒకేచోట చూపుతుంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరిన ఈ స్థలంలో మనిషిని మించిన ఎత్తున నిలువురాళ్లు కృష్ణానదికి సమీపంలోని బయలులో నిలబడి ఉన్నాయి. వాటి వరుసలకూ సూర్యగమనానికీ సంబంధాన్ని చూపాలంటే దూరదృశ్యం కావాలి. అదే క్షేత్రంలో ఒక రాతి మీద చిన్నచిన్న గుంటలున్నాయి. వాటి అమరిక సప్తర్షి మండలాన్ని పోలి ఉందని పరిశోధకులు గుర్తించారు. ఈ పోలికను పరీక్షించాలంటే గుంటల మధ్య దూరాలు, కోణాలు చిత్రంలో యథాతథంగా ఉండాలి. అక్కడ సమతల కటకం తప్పనిసరి. వక్రీకరించే కటకంతో తీసిన చిత్రం మీద నక్షత్రపటాన్ని పరచి చేసే వాదం, అనుకూలమైనా ప్రతికూలమైనా, బలహీనమే.

కటకపు నాభ్యంతరం మరొక పరిమితి. పట్టణ స్టూడియోల ఎన్‌లార్జర్లలో ఎక్కువగా ఉండేవి 50, 75, 80 మిల్లీమీటర్ల కటకాలు. ఇవి దూరదృశ్యంలో 4×5 ఫిల్మును కప్పలేవు. 6×6 సెంటీమీటర్ల నెగటివ్‌కు ఉద్దేశించిన 80 మిల్లీమీటర్ల కటకం సమాన పరిమాణంలో తీసేటప్పుడు కూడా సుమారు 130 మిల్లీమీటర్ల వృత్తాన్నే ఇస్తుంది. చేతికి దొరికిన కటకాన్ని కెమెరాకు తగిలించే ముందు ఈ చిన్న లెక్క వేసుకోవాలి.

6. వెలుతురు, కాలం, కటకం:

ఎన్‌లార్జర్ కటకానికి షట్టర్ ఉండదు. డార్క్‌రూములో దీపం వెలిగించి ఆర్పడమే ఎక్స్‌పోజరు. కెమెరాకు అమర్చినప్పుడు ఇది పెద్ద లోపంగా కనిపిస్తుంది. వంద స్పీడు గల ఫిల్ముకు ఎండలో ఎఫ్/16 వద్ద సెకనులో నూరోవంతు చాలు. మూత తీసి పెట్టడం ద్వారా ఆ కాలాన్ని సాధించలేం. కాని శాసనం మండపపు నీడలో ఉన్నప్పుడు, నెమ్మదైన ఫిల్ముతో ఎక్స్‌పోజరు కొన్ని సెకన్లకు చేరుతుంది. అప్పుడు కటకపు మూతే షట్టరుగా సరిపోతుంది. రాయి కదలదు. కొన్ని ఆధునిక ఎన్‌లార్జర్ కటకాలలో ఎపర్చరు అంకెలు చీకటిలో కనబడేందుకు వెలుతురు చొరబడే చిన్న కిటికీ ఉంటుంది. దానిని నల్లటేపుతో మూయకపోతే ఫిల్ము మీద పొగమంచు వంటి తెలుపు కమ్ముతుంది.

ఇక కటకం కంటె బలమైన అంశం వెలుతురు దిశ. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం దీనికి నిదర్శనం. కందూరు చోడుల కాలానికి చెందిన ఈ త్రికూటాలయంలో గర్భగుడి గోడ మీద పగటిపూట ఒక నీడ కదలక నిలిచినట్టు కనిపిస్తుంది. మండప స్తంభాల మధ్యగా చెదిరి వచ్చే వెలుతురు అమరికే దీనికి కారణం. ఏ వైపు నుంచి, ఎంత వెలుతురు రానిస్తే ఎక్కడ నీడ నిలుస్తుందో ఆ కట్టడం కళ్లకు కట్టిస్తుంది. శాసనాక్షరం కూడా నీడ వల్లనే కనబడుతుంది. ఎదురుగా పడే వెలుతురులో చెక్కుడు మాయమవుతుంది. పక్క నుంచి ఏటవాలుగా పడే వెలుతురులో గీతకు ఒక అంచు తెల్లగా, మరొక అంచు నల్లగా తేలుతుంది.

ఇందులోనూ ప్రమాదం ఉంది. ఎడమ నుంచి వచ్చే ఏటవాలు వెలుతురులో నిలువుగీతలు తేలి, అడ్డగీతలు సన్నగిల్లుతాయి. పైనుంచి వచ్చే వెలుతురులో ఇది తారుమారవుతుంది. గ్రానైట్ రాతి గరుకుతనం, పెచ్చులూడిన గుంటలు అక్షరంగా భ్రమింపజేస్తాయి. ఒక పెచ్చు సున్నగా, ఒక పగులు దీర్ఘంగా కనిపించవచ్చు. కాబట్టి ఒకే దిశ వెలుతురులో తీసిన ఒక్క చిత్రం, అది ఎంత మంచి కటకంతో తీసినదైనా, పాఠ నిర్ణయానికి చాలదు. కెమెరాను కదపకుండా కనీసం మూడు దిశల వెలుతురులో మూడు చిత్రాలు కావాలి. అద్దంతో ఎండను మళ్లించి ఈ పని చేయవచ్చు.

7. అభ్యంతరాలు – సమాధానాలు:

ఈ ప్రతిపాదనకు కొన్ని అభ్యంతరాలు సహజం. సిరా నకలు రాతిని తాకి తీసినది, అది సమాన పరిమాణంలో ఉంటుంది, కటక దోషాలు దానికి అంటవు అన్నది మొదటిది. ఇది సత్యమే. చెక్కుడు లోతును చేతి స్పర్శతో గ్రహించే ఆ పద్ధతికి చిత్రం ప్రత్యామ్నాయం కాదు. కాని నకలు తీసే చేయి ఎక్కడ గట్టిగా అద్దింది, ఎక్కడ వదిలింది అన్నది దాని మీద తెలియదు. పొరలు రాలే రాతికి తడికాగితపు దెబ్బలు హాని చేస్తాయి. సున్నం, రంగు పూసిన శాసనాలకు నకలు సరిగా రాదు. నకలు, చిత్రం ఒకదానినొకటి పరీక్షించే రెండు సాక్ష్యాలుగా ఉండాలి.

రెండవ అభ్యంతరం కటకాల వైపు నుంచి వస్తుంది. ఆధునిక లార్జ్ ఫార్మాట్ కటకాలు కూడా దాదాపు సౌష్ఠవ నిర్మాణం గలవే. నాలుగో వంతు పరిమాణంలో, ఎఫ్/22 వద్ద వాటికీ ఎన్‌లార్జర్ కటకానికీ తేడా చాలావరకు తగ్గిపోతుంది. సమాన పరిమాణపు నకళ్లకు అచ్చు బ్లాకుల తయారీలో వాడిన ప్రాసెస్ కటకాలు మరింత తగినవి. ఇవీ నిజాలే. తుమ్మలగూడెంలో లభించి, బి.ఎన్. శాస్త్రి వెలుగులోకి తెచ్చిన విష్ణుకుండిన తామ్రశాసనాల వంటి చిన్న, మెరిసే ఫలకాలను సమాన పరిమాణంలో తీయాలంటే ప్రాసెస్ కటకానికే మొగ్గు చూపాలి. అక్కడ ఏటవాలు వెలుతురుతో పాటు మెరుపును అణచే మెత్తని వెలుతురు కూడా అవసరం. విక్రమేంద్ర భట్టారకవర్మ శాసనంలోని శక 488 అన్న కాలం విష్ణుకుండినుల కాలక్రమానికి ఎంత కీలకమో చరిత్ర విద్యార్థులకు తెలుసు. అటువంటి ఒక్క పదం కోసం కటకాన్ని ఎంచుకోవడం అతి అనిపించుకోదు.

మూడవది డిజిటల్ యుగపు ప్రశ్న. అనేక దిశల వెలుతురులో తీసిన చిత్రాలను కలిపి రాతి ఉపరితలాన్ని తెర మీద తిప్పి చూసే విధానాలు, త్రిమితీయ నమూనాలు నేడు ఉన్నాయి. ఫిల్ము, నల్లగుడ్డ ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ విధానాలన్నిటికీ ముడిసరుకు కటకం ఇచ్చిన చిత్రమే. బెల్లోస్ ద్వారా ఎన్‌లార్జర్ కటకాన్ని డిజిటల్ కెమెరాకూ అమర్చవచ్చు. ఫోను కెమెరా విషయంలో అదనపు చిక్కు ఉంది. గరుకును నునుపు చేసి, అంచులకు పదును పెట్టే సవరణలు దానిలో చిత్రం తీసినవాని ప్రమేయం లేకుండానే జరుగుతాయి. చూడడానికి ఇంపైన ఆ చిత్రం పాఠ సాక్ష్యంగా సందేహాస్పదం.

8. మునిగిన నేలలు – చిత్రమే మిగిలిన చోట:

ఈ చర్చ దక్షిణ తెలంగాణకు ప్రత్యేకంగా వర్తించడానికి కారణం కృష్ణానది మీది జలాశయాలు. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి వేశారు. నల్లగొండ జిల్లా ఒడ్డున ఉన్న ఏలేశ్వరంలో మునకకు ముందు రాష్ట్ర పురావస్తు శాఖ అబ్దుల్ వహీద్ ఖాన్ ఆధ్వర్యంలో తవ్వకాలు జరిపింది. ఆ తవ్వకాల నేల నేడు జలాశయంలో ఉంది. శ్రీశైలం జలాశయం వల్ల తుంగభద్రా కృష్ణా సంగమం వద్దనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విడదీసి, అలంపురానికి తరలించి తిరిగి కట్టారు.

తరలిన ఆలయంలో రాళ్లు మిగిలాయి. వాటి తొలి స్థానం, దిక్కు, వాటి మీద పడిన వెలుతురు మిగలలేదు. మునిగిన చోట రాయి కూడా అందదు. అక్కడ ఇక పునఃపరిశీలన అన్నది రాతి ముందు జరగదు, చిత్రం ముందే జరుగుతుంది. ఆ చిత్రంలో అంచులు మసకగా ఉంటే, ఆ మసకే చరిత్ర. రోడ్ల విస్తరణ, ఆలయాల జీర్ణోద్ధరణ, గోడలకు రంగులు, శాసనం మీద పూసిన సున్నం వంటివి నీరు లేకుండానే ఇదే స్థితిని తేగలవు. నిలబడి ఉన్న రాయిని కూడా రేపు అందుబాటులో లేనిదన్న భావంతోనే చిత్రించాలి.

9. ఉపసంహారం:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి. ఎన్‌లార్జర్ కటకం సమతల శిలాఫలకాన్ని దగ్గర నుంచి తీయడానికి స్వభావసిద్ధంగా తగినది. దూరదృశ్యానికి, ఎత్తైన కట్టడాలకు తగదు. కటకం ఎంత మంచిదైనా వెలుతురు దిశను, తలాల సమాంతరతను సరిచూడకపోతే ఫలితం ఉండదు. చిత్రంలోని లోపాన్ని రాతి శైథిల్యంగా నమోదు చేసే ప్రమాదం నిజమైనది. దానిని తగ్గించే బాధ్యత ఛాయాచిత్రకారునితో పాటు పరిష్కర్తదీ, సంపాదకునిదీ.

ఇకపై ప్రచురించే శాసన చిత్రాల కింద నాలుగు వివరాలు చేర్చడం కష్టం కాదు: కటకపు నాభ్యంతరం, తీసిన నిష్పత్తి, ఎపర్చరు, వెలుతురు దిశ. చట్రంలోనే ఒక కొలబద్ద ఉంచాలి. పాఠంలో చుక్కలు పెట్టినచోట ‘రాతిపై శిథిలం’, ‘చిత్రంలో అస్పష్టం’ అని రెండు వేర్వేరు గుర్తులు వాడాలి. విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలలో శాసన పరిశోధనకు పూనుకునే విద్యార్థులకు లిపి నేర్పే తరగతుల్లోనే ప్రతికృతిని పరీక్షించడం కూడా నేర్పాలి. పిల్లలమర్రి శాసనాల ముఖాలను నాలుగో వంతు పరిమాణంలో, మూడు దిశల వెలుతురులో తిరిగి చిత్రించి, ముద్రిత పాఠాలలోని చుక్కలను ఒక్కొక్కటిగా సరిచూడడం ఒక పరిశోధనకు చాలిన పని. ఆ చుక్కలలో కొన్నైనా అక్షరాలుగా మారితే ఈ వ్యాసంలోని వాదం రుజువైనట్టు. ఒక్కటీ మారకపోతే, పూర్వ పరిష్కర్తల చూపు ఎంత నిశితమో రుజువవుతుంది. ఏ ఫలితమైనా శాసన పరిశోధనకు లాభమే.